ముందు అరచెయ్యి తిప్పి నిలబడండి

ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకురాలు పేరు వద్దంటూ పెద్ద ఉత్తరమే రాశారు. పదో తరగతి, ఇంటర్ బైపీసీ అన్నీ తెలుగు మీడియంలోనే చదివారు. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్. అనాటమీ మొదటి యూనిట్లోనే, ఒంట్లో ఏది ఎటుందో చెప్పే మాటల దగ్గరే బండి ఆగిపోయిందట.

ఇంటర్నల్ వైవాలో, అంటే నోటిపరీక్షలో, ముంజేతిలోని రెండెముకల్లో రేడియస్ అల్నాకి ఏ పక్కన ఉంటుందని మేడమ్ అడిగారు. ఈమె బల్లమీద పెట్టుకున్న తన చేతినే చూసుకుని ‘మీడియల్’ (ఒంటి నడిమివైపు) అన్నారు. పక్కనున్నవాళ్లు నవ్వారు. రాతపరీక్షలో ‘గుండె జీర్ణాశయానికి యాంటీరియర్‌గా ఉంటుంది’ అని రాస్తే మార్కు పోయింది. ఇంటర్లో బొద్దింక పాఠంలో తలవైపును పూర్వాంతం అనే కదా చదివాం, యాంటీరియర్ అంటే అదే కదా, మరి తప్పెలా అయిందో ఇప్పటికీ అర్థం కాలేదంటున్నారు. మూడోది వార్డులో జరిగింది. పేషెంటు కుడికాలి వాపు ఎంతవరకు పాకిందో చూడమని సిస్టర్ చెబితే, మంచానికి కాళ్లవైపు నిలబడి తన కుడిచేతి వైపున్న కాలు పట్టుకున్నారు. అది ఆయన ఎడమకాలు. ‘రేపు ఇంజక్షన్ కూడా ఇలాగే చేస్తావా?’ అన్న సిస్టర్ మాట చెవుల్లో గింగుర్లాడుతూనే ఉందట.

మాటలన్నీ కాగితం మీద వరసగా రాసుకుని, పక్కన తెలుగు అర్థాలు పెట్టుకుని బట్టీ పట్టారు. రాత్రి అప్పజెబితే వస్తాయి, పొద్దున్నకు కలగాపులగం అవుతాయి. అన్నయ్య మానేసి డిగ్రీలో చేరమంటున్నాడు. రూమ్మేట్ జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) అయితే తేలికంటోంది. ఫీజు కట్టిన నాన్నకు ఇవేవీ తెలియవు. చివర్లో మూడు ప్రశ్నలు వేశారు: నాది ఎడమచేతి వాటం, కుడి ఎడమలు తేలకపోవడం దానివల్లేనా? పోయిన మార్కు గురించి మేడమ్‌ని అడగనా, ఊరుకోనా? అసలు ఈ చదువుకు నేను పనికొస్తానా?

మీ మూడు తప్పుల్నీ పక్కపక్కన పెట్టి చూశాను. మతిమరుపు ఎక్కడా కనిపించలేదు. మీడియల్ అంటే ఒంటి నడిమిగీతకు దగ్గర అని తెలుసు కాబట్టే ఆ జవాబు చెప్పారు. యాంటీరియర్ అర్థం కూడా గుర్తుంది. జారిపోయింది ఒక్కటే: ఈ మాటలు ఏ ఒంటిని, ఏ భంగిమలో నిలబెట్టి చెప్పేవి అన్న సంగతి. మొదటిసారి బల్లమీదున్న చేతిని చూసి చెప్పారు, రెండోసారి బొద్దింకను తలుచుకుని రాశారు, మూడోసారి మీ ఒంటినే కొలతగా తీసుకున్నారు. కొలబద్ద మూడుసార్లూ మారింది. అది కుదురుకోనంతవరకు జాబితాని వందసార్లు వల్లించినా పొద్దున్నకు మిగలదు.

ఆ కొలబద్ద పేరు అనటామికల్ పొజిషన్. మీ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది, బొమ్మ కూడా ఉంటుంది. అందరూ చూసి పేజీ తిప్పేస్తారు. మనిషి నిటారుగా నిలబడి ఉంటాడు. ముఖం, చూపు, పాదాల వేళ్లు అన్నీ ముందుకే. చేతులు ఒంటికి రెండు పక్కలా వేలాడుతుంటాయి, అరచేతులు ముందుకు తిరిగి ఉంటాయి, బొటనవేళ్లు ఒంటికి దూరంగా బయటికి చూస్తుంటాయి. పేషెంటు మంచంమీద ముడుచుకుని పడుకున్నా, చేతులు తలపైకి ఎత్తినా, బోర్లా తిరిగినా మాటలు మాత్రం ఆ నిలబడ్డ మనిషిని బట్టే చెప్పాలి. చెయ్యి తలపైకి ఎత్తినవాడి మణికట్టు, మోచేతికి ఎప్పట్లాగే డిస్టల్, అంటే మొండానికి ఇంకా దూరం. గదిలో అది పైనుంది కదా అని సుపీరియర్ (తలవైపు) అయిపోదు.

అరచేతులు ముందుకే ఎందుకు తిప్పాలి? జవాబు మీ ముంజేతిలోనే దొరుకుతుంది. మోచెయ్యి మడిచి, అరచెయ్యి పైకి పెట్టుకోండి. మోచేతి కొన దగ్గర గట్టిగా తగిలేది అల్నా. అక్కణ్ణుంచి రెండో చేతి వేలితో దాని అంచును తడుముకుంటూ రండి. చర్మం కిందే, కండ అడ్డం రాకుండా, చిటికెనవేలి పక్కన మణికట్టు దాకా వస్తుంది. ఇప్పుడు మోచెయ్యి కొంచెం చాపి, బయటివైపు కాస్త వెనగ్గా ఉండే గుంటలో వేలు ఆనించి, అరచేతిని బోర్లా, వెల్లకిలా తిప్పండి. వేలికింద గుండ్రటిదేదో గిర్రున తిరుగుతుంది. అది రేడియస్ తల. అరచెయ్యి బోర్లించినప్పుడు రేడియస్ పైకొస ఉన్నచోటే తిరుగుతుంది, కిందికొస మాత్రం అల్నా మీదుగా అవతలికి దాటిపోతుంది. రెండెముకలూ కత్తెరలా పడతాయి. అరచెయ్యి ముందుకు తిప్పితేనే అవి పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి, ఏది ఏ పక్కనుందో తగాదా లేకుండా చెప్పగలం.

వైవాలో మీ చెయ్యి బల్లమీద బోర్లా ఉంది. అప్పుడు బొటనవేలు ఒంటి నడిమివైపే చూస్తుంది, రేడియస్ కిందికొస కూడా అటే వెళ్తుంది. మీ కన్ను అబద్ధం చెప్పలేదు, చెయ్యి ఉండాల్సిన భంగిమలో లేదు, అంతే. రేడియస్ ఎప్పటికీ ల్యాటరల్ (నడిమిగీతకు దూరం), అల్నా ఎప్పటికీ మీడియల్. ఈసారి ఎవరైనా అడిగితే జవాబు నోట్లోంచి రాకముందే అరచెయ్యి ముందుకు తిప్పండి. వైవాలో ఇలా తిప్పి చూపిస్తూ జవాబు చెప్పడం తప్పేమీ కాదు. పిల్లకు పొజిషన్ తెలుసని ఎగ్జామినర్‌కి అర్థమవుతుంది.

ఇంకో చిన్న మరమ్మతు. ‘రేడియస్ ల్యాటరల్’ అన్నా అది సగం జవాబే. ఈ మాటలన్నీ పోలిక చెప్పేవి. కన్ను ముక్కుకు ల్యాటరల్, అదే కన్ను చెవికి మీడియల్. ఏది, ఎటు, దేనికి అన్న మూడూ ఉంటేనే వాక్యం పూర్తవుతుంది. తక్కువ మార్కులు పడేది ఎక్కువగా ఈ మూడోది వదిలేసిన చోటే.

ఇక బొద్దింక. ఇంటర్ పుస్తకం తప్పు చెప్పలేదు, మీ మేడమ్ తప్పు దిద్దలేదు. బొద్దింక, కప్ప, కుందేలు కదిలేటప్పుడు తల ముందుంటుంది, పొట్ట నేలవైపు, వీపు పైకి. అందుకే తలవైపును యాంటీరియర్ అన్నారు. మనిషి రెండుకాళ్లమీద లేచి నిలబడేసరికి తల పైకి పోయింది, పొట్ట ముందుకొచ్చింది. కాబట్టి మనిషి విషయంలో యాంటీరియర్ అంటే రొమ్ము, పొట్ట ఉన్న ముందువైపు; తలవైపుకు సుపీరియర్. గుండెకీ జీర్ణాశయానికీ మధ్య డయాఫ్రమ్ అనే కండరపు పొర అడ్డంగా ఉంటుంది, గుండె దానికి పైన, జీర్ణాశయం కింద. కనుక గుండె జీర్ణాశయానికి సుపీరియర్. గుండెకు యాంటీరియర్‌గా ఉన్నది రొమ్మెముక, పోస్టీరియర్‌గా (వెనకవైపు) ఉన్నది అన్నవాహిక.

ఇంటర్లో చదివినదంతా చెరిపేసుకోనక్కర్లేదు. క్రేనియల్ అంటే తలవైపు, కాడల్ అంటే తోకవైపు, వెంట్రల్ అంటే పొట్టవైపు, డార్సల్ అంటే వీపువైపు. మొండెం వరకు ఈ నాలుగూ జంతువులోనూ మనిషిలోనూ ఒకే అర్థంలో నడుస్తాయి. తిరగబడేవి యాంటీరియర్, పోస్టీరియర్ అన్న రెండే. ఈ గందరగోళం ఎందుకని పశువైద్యులు మొండెం గురించి చెప్పేటప్పుడు ఆ రెంటినీ దాదాపు వదిలేసి క్రేనియల్, కాడల్ అనే వాడతారు. అందుకని మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది మీరనుకున్నంత లేదు. డార్సల్ అన్నది మాత్రం రెండుచోట్ల మెలిక పెడుతుంది. ఒకటి పాదం: పాదం పైభాగమే డార్సల్, అరికాలు ప్లాంటార్. రెండోది మెదడు: వెన్నుపాము నిలువుగా వచ్చి, మెదడు దగ్గర ముందుకు వంగుతుంది, అందువల్ల పెద్దమెదడులో డార్సల్ అంటే పైవైపు. ఈ రెండోది నాడీవ్యవస్థ యూనిట్ వచ్చినప్పుడు చూసుకోవచ్చు, ఇప్పుడు దాని జోలికి పోకండి.

చేతి బొటనవేలు ల్యాటరల్, కాలి బొటనవేలు మీడియల్ అని చదివి చాలామంది అచ్చుతప్పేమో అనుకుంటారు. అచ్చుతప్పు కాదు, నిజమే. గర్భంలో అప్పటికే మొలకెత్తిన చేతులు ఏడోవారం ప్రాంతంలో సుమారు 90 డిగ్రీలు బయటివైపుకు, కాళ్లు దాదాపు అంతే లోపలివైపుకు తిరుగుతాయి. అందుకే మోచెయ్యి వెనక్కి, మోకాలు ముందుకి చూస్తాయి. కాలిలో బొటనవేలి పక్కనుండే లావుపాటి టిబియా మీడియల్, సన్నటి ఫిబులా ల్యాటరల్. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల్ని పట్టుకుని చూడండి. లోపలిది టిబియాది, బయటిది ఫిబులాది. బయటిది లోపలిదానికన్నా కాస్త కిందికి, కాస్త వెనగ్గా ఉంటుంది. అంటే ల్యాటరల్ మాలియోలస్, మీడియల్ మాలియోలస్ కంటే డిస్టల్, పోస్టీరియర్. ఒక్క చీలమండ మీద మూడు జతల మాటలు దొరికాయి కదా. పుస్తకంలో ఎక్కడున్నా ఇలాంటి చోట్లు వెతుక్కోండి.

ప్రాక్సిమల్, డిస్టల్ మీ ఉత్తరంలో రాలేదు కానీ వార్డులో ఎక్కువ పనికొచ్చేది ఈ జతే. చెయ్యిగానీ కాలుగానీ మొండానికి అతుక్కున్నచోటికి దగ్గరైతే ప్రాక్సిమల్, దూరమైతే డిస్టల్. మోకాలు తుంటికి డిస్టల్, చీలమండకు ప్రాక్సిమల్. మొండెంలోని అవయవాలకు ఈ మాటలు వాడరు, గుండె బొడ్డుకి ప్రాక్సిమల్ అని రాయకూడదు. గొట్టాల సంగతి వేరు: పేగు, రక్తనాళం, మూత్రపిండంలోని నాళిక లాంటివాటిలో మొదలైనచోటికి దగ్గర ప్రాక్సిమల్. ఐవీ కాన్యులా (సిరలోకి మందు ఎక్కించే సన్నగొట్టం) పెట్టేటప్పుడు సిస్టర్లు ‘డిస్టల్ నుంచి మొదలుపెట్టు’ అంటారు. సిరల్లో రక్తం వేళ్లవైపు నుంచి గుండెవైపు పోతుంది. మోచేతి దగ్గర ముందే పొడిచి అది పాడయ్యాక, మణికట్టు దగ్గర అదే సిరలో కాన్యులా పెడితే, ఎక్కించిన మందు పైనున్న రంధ్రం దగ్గర బయటికి కారి చెయ్యి వాస్తుంది. ఇది ఒక్కసారి అర్థమైతే డిస్టల్ అన్న మాట మళ్లీ మరిచిపోరు.

అలాంటివే ఇంకో రెండు, మీరు ఈ సెమిస్టర్లోనే చేతులారా చేసేవి. నాడి పట్టుకునేది మణికట్టుకు ల్యాటరల్ పక్కన, అంటే బొటనవేలి వైపు. బీపీ చూసేటప్పుడు స్టెతస్కోపు పెట్టాల్సింది మోచేతి మడతలో గట్టిగా తగిలే బైసెప్స్ స్నాయువుకు మీడియల్ పక్కన, బ్రేకియల్ ధమని కొట్టుకునే చోట. సరిగ్గా నడిమధ్య స్నాయువు మీదే పెట్టేసి చప్పుడు వినపడడం లేదని కఫ్ పదేపదే బిగించేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

ఇప్పుడు కుడి ఎడమలు. మీది ప్రకాశం జిల్లా కాబట్టి సాగర్ కుడికాలువ తెలిసే ఉంటుంది. నది పారే దిక్కుకు తిరిగి చూస్తే కుడివైపుది కాబట్టి అది కుడికాలువ. మీరు డ్యామ్‌కి ఎదురుగా నిలబడి చూసినా దాని పేరు మారదు. ఒంటి కుడి ఎడమలూ అంతే, అవి పేషెంటువి. చూసేవాళ్లవి కావు. వెల్లకిలా పడుకున్న మనిషి కాళ్లదగ్గర మీరు నిలబడితే ఆయన కుడి మీ ఎడమచేతి వైపు వస్తుంది. అదే మనిషి బోర్లా తిరిగితే మీ కుడివైపుకే వస్తుంది. తలదగ్గర నిలబడితే మళ్లీ లెక్క తారుమారు. ఇదంతా వార్డులో నిలబడి మనసులో లెక్కేసుకోవడం ప్రమాదం, హడావిడిలో తప్పుతుంది. స్పృహలో ఉన్న పేషెంటునైతే ‘మీ కుడికాలు ఒకసారి కదపండి’ అని అడిగి, ఆ కాలిమీద చెయ్యేసి, ‘కుడికాలు’ అని పైకి అనండి. స్పృహలో లేకపోతే, ఆ మంచంమీద అదే భంగిమలో మీరే పడుకున్నట్టు ఊహించుకుని ఆ పక్కచేతిని కదిపి చూసుకోండి, కేస్‌షీటులో రాసిన పక్కతో సరిపోల్చండి, అప్పటికీ అనుమానముంటే ముట్టుకోకముందే సిస్టర్‌ని పిలవండి. ఎక్స్‌రే, సీటీ ఫిల్ములు కూడా పేషెంటు మీకు ఎదురుగా ఉన్నట్టే పెడతారు, ఆయన కుడి మీ ఎడమచేతి వైపు. ఫిల్ముమీద ఉండే ‘ఆర్’ లేదా ‘ఎల్’ గుర్తు చూసి తేల్చుకోవాలి. గుండె ఎటుందో చూసి తేల్చుకుందామంటే కుదరదు. ఫిల్ము తిరగేసి పెట్టినా, గుండె కుడివైపున్న మనిషైనా మోసపోతారు.

ఎడమచేతి వాటానికీ దీనికీ ముడిపెట్టుకోకండి. కుడి ఎడమలు చప్పున తేల్చుకోలేకపోవడం కుడిచేతి వాటం వాళ్లలోనూ ఉంది, అనుభవమున్న డాక్టర్లలోనూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టులో, మత్తు ఇవ్వకముందే పేషెంటు ఎవరు, ఏ చోట, ఏ ఆపరేషన్ అన్నది సరిచూసుకుని ఆ చోట గుర్తు పెట్టారో లేదో చూడాలన్నది మొదటి మెట్టులోనే ఉంది. ఎన్నేళ్లుగా కత్తి పట్టినవాళ్లకైనా ఆ గుర్తు కావాల్సిందే. సిస్టర్ మాట కటువుగానే ఉంది, కానీ ఆవిడ భయపడింది నిజమైన ప్రమాదం గురించే. పిరుదుకు చేసే ఇంజక్షన్ తీసుకోండి. పిరుదును నాలుగు భాగాలు చేసి పై-బయటి భాగంలో, అంటే సుపీరోల్యాటరల్ భాగంలోనే సూది వెయ్యాలి. సయాటిక్ నరం కింది-లోపలి భాగానికి దగ్గరగా పోతుంది, అక్కడ సూది తగిలితే పాదం ఎత్తలేని పరిస్థితి రావచ్చు. పేషెంటు పక్కకు తిరిగి పడుకుని ఉన్నప్పుడు ‘పై’ అంటే గది పైకప్పు వైపు అనుకుంటే చోటు మారిపోతుంది. పై అంటే నడుమువైపు. పసిపిల్లలకు వేసే పెంటావాలెంట్ టీకా కూడా తొడ మధ్యభాగంలో యాంటీరోల్యాటరల్ పక్కన, అంటే ముందువైపూ బయటివైపూ కలిసేచోట వేస్తారు.

ఇక చదివే పద్ధతి సంగతి. మీ ముందు రెండు దారులున్నాయి.

ఇప్పుడున్న జాబితానే పట్టుకుని, జాగ్రత్తగా మళ్లీ మళ్లీ చదవడం మొదటిది. ‘డిఫైన్ ప్రాక్సిమల్’ లాంటి చిన్న ప్రశ్నలకు ఇది సరిపోతుంది. పరీక్ష వారంలోపు ఉంటే నేనూ ఇదే చెయ్యమంటాను. కానీ వైవాలో ఎముక చేతికిచ్చినప్పుడు, వార్డులో పేషెంటు ఎదురుగా ఉన్నప్పుడు ఇది ఆదుకోదు. సెమిస్టర్ అయ్యాక మిగిలేది కూడా తక్కువే.

రెండోది ఒంటిమీద నేర్చుకోవడం. రోజుకు పావుగంట చాలు, కానీ ఇద్దరైనా కావాలి. మొదటి రెండు మూడు రోజులు మూడు జతలే తీసుకోండి: సుపీరియర్-ఇన్ఫీరియర్ (తలవైపు-కాళ్లవైపు), యాంటీరియర్-పోస్టీరియర్, మీడియల్-ల్యాటరల్. గోడకు వీపు ఆనించి, అరచేతులు ముందుకు తిప్పి నిలబడి, చోటు ముట్టుకుంటూ పూర్తి వాక్యం చెప్పండి. వెంటనే దాన్ని తిరగేసి చెప్పండి: ముక్కు కంటికి మీడియల్, కన్ను ముక్కుకు ల్యాటరల్. తిరగేసినప్పుడు తడబడ్డ జతే మీకు రాని జత. తర్వాత ప్రాక్సిమల్-డిస్టల్, సూపర్ఫిషియల్-డీప్ కలపండి. చర్మం కండకు సూపర్ఫిషియల్, ఎముక కండకు డీప్. వెంట్రల్, డార్సల్, పామర్ (అరచేతివైపు), ప్లాంటార్, ఇప్సిల్యాటరల్ (అదే పక్క), కాంట్రాల్యాటరల్ (అవతలి పక్క) లాంటివి వీటిమీద వాటంతటవే కూర్చుంటాయి. చివర్లో సుపీరోల్యాటరల్ లాంటి జంటమాటలకు రండి.

అద్దం ముందు మాత్రం సాధన చెయ్యకండి. అద్దంలో మీ కుడి మీ కుడివైపే కనిపిస్తుంది, ఎదురుగా నిలబడ్డ మనిషి కుడి మీ ఎడమవైపు ఉంటుంది. అద్దం నేర్పేది సరిగ్గా వార్డులో మీరు చేసిన తప్పునే. ఫోన్ సెల్ఫీ కెమెరా కూడా అంతే.

ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి హాస్టల్లో చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది. ముగ్గురుండాలి. ఒకరి చేతిమీదో కాలిమీదో ఐదు బొట్టుబిళ్లలు అతికించండి. మీరు ప్రతిదాని చోటు రాయండి, ఇలా: ‘ఎడమ కాలు, మీడియల్ పక్క, మీడియల్ మాలియోలస్‌కి నాలుగు సెంటీమీటర్లు ప్రాక్సిమల్’. కొలత టేపుతో కొలిచే రాయండి. తర్వాత బిళ్లలు తీసేసి, అసలు చూడని మూడో అమ్మాయికి మీ కాగితం ఇచ్చి మళ్లీ పెట్టమనండి. బిళ్ల అవతలి కాలిమీద పడితే కుడి ఎడమ తప్పింది, కాలి అవతలి పక్కన పడితే మీడియల్-ల్యాటరల్ తప్పింది, ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె చేతిలోనే పట్టుకుని నిలబడితే ‘దేనికి’ అన్న మూడోముక్క మీరు వదిలేశారు. ఎవరూ నవ్వకుండానే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. పడుకోబెట్టి ఒకసారి, బోర్లా పడుకోబెట్టి ఒకసారి చెయ్యండి. దీనిలో ఇబ్బందల్లా తోడు దొరకడమే. రూమ్మేట్లకు తీరిక లేకపోతే ల్యాబ్‌లోని స్కెలిటన్ దగ్గర ఒంటరిగానైనా కానివ్వచ్చు, కాకపోతే మీ తప్పు మీకు దొరకదు.

ఇవి వంటబట్టేలోపు వార్డులో ఏం చెయ్యాలి? అనుమానమున్న మాట రాయకండి. ‘మీడియల్’ మీద ధైర్యం లేకపోతే ‘ఎడమ పాదం లోపలి పక్క, బొటనవేలి వైపు’ అన్న అర్థం వచ్చేలా సాదా ఇంగ్లిషులో రాయండి. సిస్టర్ చూసి పెదవి విరిస్తే విరవనివ్వండి. తప్పుమాట వల్ల జరిగేదాంతో పోలిస్తే అది ఏమంత నష్టం కాదు. లెఫ్ట్, రైట్ అన్నవి ఒక్క అక్షరంతో సరిపెట్టకుండా పూర్తిగా రాయండి.

మానెయ్యడం, మారడం గురించి. జీఎన్ఎమ్ మొదటి సంవత్సరంలోనూ అనాటమీ ఉంది, ఈ మాటలే ఉన్నాయి. కనుక ఈ ఒక్క కారణానికి అక్కడికి వెళ్తే సమస్య మీతోపాటే వస్తుంది, పోయేది ఏడాది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో వీటి వాడకం తగ్గుతుంది, రేడియాలజీ కోర్సులో ఇంకా పెరుగుతుంది. డిగ్రీలో జువాలజీ తీసుకుంటే బొద్దింక లెక్కే నడుస్తుంది, మీకు కొట్టినపిండి. కానీ అందుకోసం నర్సింగ్ వదులుకుంటారా అన్నది వేరే ప్రశ్న. పేషెంట్ల దగ్గర ఉండటమే ఇష్టం లేకపోతే, రక్తం చూస్తే తట్టుకోలేకపోతే అన్నయ్య మాట ఆలోచించాల్సిందే. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. ఆ వాపు ఎంతవరకు పాకిందో మీరు తర్వాత మళ్లీ వెళ్లి చూసొచ్చినట్టు రాశారు. నా ఉద్దేశం అడిగితే, సెమిస్టర్ పరీక్ష దాకా ఉండి, అప్పుడు నిర్ణయించుకోవడం మేలు. ఇప్పుడే మానేస్తే కట్టిన ఫీజులో ఎంత వెనక్కొస్తుంది, సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారు అన్నది కాలేజీ ఆఫీసులో ముందే కనుక్కోండి. నాన్నగారికి మాత్రం ఇంటర్నల్ మార్కులు ఇంటికి చేరేలోపే మీ నోటితో చెప్పండి. అన్నయ్య ద్వారా తెలిస్తే ‘చదవడం లేదు’ అన్న మాటే ఆయన చెవిన పడుతుంది.

మిగిలింది మేడమ్ సంగతి. మార్కు కలపమని అడిగితే కలవదు, అది తప్పు జవాబే. పైగా బొద్దింక పాఠం తీసుకెళ్లి వాదిస్తే, తనను ఎదిరిస్తున్నారనుకునే వీలుంది. ఊరుకుంటే గొడవ ఉండదు, అయితే ‘ఈ అమ్మాయికి రాదు’ అన్న అభిప్రాయం ఆవిడ మనసులో అలాగే ఉండిపోతుంది. మూడోదారి, మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, ‘జంతువుల్లో తలవైపు అని చదివి అలా రాశాను మేడమ్, మనిషిలో సుపీరియర్ అని ఇప్పుడు అర్థమైంది, సరేనా?’ అని అడగడం. ఆవిడ ఔనంటే, స్కెలిటన్ ముంజేయి మీద రేడియస్, అల్నా ఒకసారి చూపించమని కూడా అడగండి. వేలాడదీసిన స్కెలిటన్‌కి అరచేతులు చాలాసార్లు ఎటో తిరిగిపోయి ఉంటాయి. చెప్పడం మొదలుపెట్టేముందు వాటిని ముందుకు తిప్పండి.